ఏసీ చుక్కల కింద పేరంటాలు

సీతారామారావుగారింట్లో ఏసీ వేసేది పెద్దాయన కోసం కాదు, బల్లి కోసం అని సింగపూర్ బెడోక్‌లోని ఆ బ్లాకంతా చెప్పుకునేది. ఆ మాట పుట్టించింది నాగరత్నం. అదే వరుసలో రెండు గుమ్మాల అవతల ఉంటుంది. ఆవిడకి ఒక సంగతి తెలిసిందంటే లిఫ్టుకి కూడా తెలిసినట్టే.

"బల్లి కాదమ్మా," అని ఆయన ఓపిగ్గా చెప్పేవారు. "సాలమండర్ అంటారు. మంచినీటి వాగుల్లో ఉంటుంది. కప్పకి పిన్ని కూతురు అనుకోండి."

"కప్పకి సుట్టమైతే నాకేటి మేష్టారూ? తోకుందన్నారు, నాలుగు కాళ్ళున్నాయన్నారు. మా తాత ఊర్లో దాన్ని బల్లనే అంటారు లా."

ఆవిడ తాత ఊరు శ్రీకాకుళం సముద్రపొడ్డున ఉంది. ఆవిడ ఎన్నడూ చూడలేదు. తాత ఓడెక్కి వచ్చి ఇక్కడి రేవులో మూటలు మోశాడు. మనవరాలు ఇక్కడే పుట్టి, ఇక్కడే ఒక బడి క్యాంటీన్‌లో పాతికేళ్ళు వండి వార్చి, ఇప్పుడు తీరిగ్గా మొక్కలు పెంచుకుంటోంది. ఆవిడ తెలుగులో తమిళమూ మలయూ పులుసులో ముక్కల్లా తేలుతూ ఉంటాయి, మాట చివర ఇక్కడి ఊతపదం 'లా' కూడా. బల్లి అంటే మాత్రం ఏ భాషలోనైనా హడలే. సాలమండర్ ఉన్న గది వైపు కన్నెత్తి కూడా చూసేది కాదు.

సీతారామారావుగారు తెనాలి కాలేజీలో చరిత్ర పాఠం చెప్పి రిటైరయ్యారు. భార్య సుధామణి పోయాక కొడుకు వివేక్ దగ్గరికి వచ్చేశారు. వివేక్ ఒక బ్యాంకులో సర్వర్లు చూసుకుంటాడు. ఆ రోజుల్లో సింగపూర్‌లో తెలుగువాడు కనపడితే ఊరు అడగడం మానేసి టెక్నాలజీ అడిగేవారు. ఉగాది వేడుకలో ఒకాయన పులిహోర ప్లేటుతో వచ్చి, "మీ కోడలుగారు ఏం చేస్తారండీ?" అని అడిగాడు.

"సాలమండర్ మీద పనిచేస్తోంది."

"అలాగా. కొత్తగా వచ్చిందాండీ? జావా మీద నడుస్తుందా?"

"లేదండీ, నాలుగు కాళ్ళ మీద నడుస్తుంది," అన్నారు సీతారామారావుగారు. అడిగినాయన నవ్వాలో వద్దో తెలియక ఇంకాస్త పులిహోర పెట్టించుకుని వెళ్ళిపోయాడు.

కోడలు త్రివేణి పట్టుబడిన అడవి జంతువులను సాకే కేంద్రంలో ఉద్యోగి. లావోస్ కొండల్లో కొన్ని వాగుల్లో తప్ప మరెక్కడా లేని జీవి ఈ సాలమండర్. దీని సంగతి శాస్త్రవేత్తలు రాశారో లేదో, గాజు తొట్లలో వింత జీవులను పెంచుకునేవాళ్ళ కళ్ళు పడ్డాయి. వాగులు ఖాళీ కావడం మొదలయ్యాక, దీన్ని పట్టడం, అమ్మడం, దేశం దాటించడం నేరమని చట్టం వచ్చింది. అయినా ఒక పెద్దమనిషి తడి మేజోళ్ళలో మూటగట్టి విమానంలో తెచ్చి ఇక్కడ దొరికిపోయాడు. కోర్టు అతనికి శిక్ష వేసి, మేజోళ్ళలోని ప్రాణాలను త్రివేణి వాళ్ళ కేంద్రానికి అప్పగించింది. సగం అప్పటికే పోయాయి. మిగిలినవాటిలో గుడ్లతో నిండుగా ఉన్నది ఇదొక్కటే.

తీర్పులో ఒక మంచి మాట ఉంది. ఇవి కోలుకుని పిల్లల్ని కంటే, ఆ సంతానాన్ని పుట్టింటి వాగుకే పంపాలి. కానీ ఖర్చు పెట్టే పైవాళ్ళు ఒక గడువు కూడా పెట్టారు. ఏడాది చివరికల్లా గుడ్లు పడకపోతే, ఉన్నవాటిని దూరదేశంలోని ఒక ప్రదర్శనశాలకు ఇచ్చేయాలి. అక్కడి గాజు పెట్టెల్లోంచి వాగుకు మళ్ళీ దారి ఉండదు. ఏడాది చివర దగ్గర పడుతోంది. ఇదేమో నిండు పొట్టతో తొట్టి అంతా కలియదిరుగుతోంది గాని, గుడ్డు పెట్టే చోటు కుదరడం లేదన్నట్టు మొహం తిప్పుకుంటోంది.

దానికి తోడు కేంద్రంలో నీళ్ళు చల్లబరిచే యంత్రం చెడింది. ఆ ఏడు దీపావళి, ఇక్కడివాళ్ళు హరిరాయా అనే రంజాను పక్కపక్కనే వచ్చాయి. బాగుచేసేవాళ్ళు పండగలయ్యాకే వస్తామన్నారు. ఉన్న ఒక్క చల్లని గదిలో మిగతావాటిని సర్ది, దీన్ని మాత్రం పైవాళ్ళ అనుమతితో త్రివేణి ఇంటికి తెచ్చింది.

"మా సర్వర్ రూమ్‌లో పద్దెనిమిది డిగ్రీలుంటుంది. అక్కడ పెట్టేద్దాం, ప్రసవం కూడా ఫాస్ట్‌గా అవుతుంది," అన్నాడు వివేక్.

"నువ్వు పద్దెనిమిది గంటలు అక్కడే ఉంటున్నావు. నీకేమైనా మార్పొచ్చిందా?" అంది త్రివేణి.

తొట్టి దించగానే సీతారామారావుగారు వంగి చూశారు. నల్లటి ఒంటి మీద వెన్ను పొడుగునా పసుపు చారలు. అది ఈదుతూ పక్కకు తిరిగితే పొట్ట మీద ఎర్రటి మచ్చలు. "పసుపూ కుంకుమా పెట్టుకుని వచ్చిందే తల్లి," అన్నారు. సుధామణి ఉంటే అదే మాట అనేది. ఆ పూట నుంచీ దాని పేరు పేరంటాలు.

పగలు దాని కాపలా ఆయనది. పెద్ద పనేమీ కాదు. గది చల్లగా ఉందో లేదో చూడటం, చిన్న ఎర్ర పురుగులు వేయడం, ఒకరోజు విడిచి ఒకరోజు తొట్టి కడగడం. నీళ్ళకు కొత్తగా ఏర్పాటు కూడా అక్కర్లేకపోయింది. తాగే నీళ్ళు రాత్రే బిందెలో పట్టి ఉంచడం ఆ ఇంటి అలవాటు. కుళాయి నీళ్ళలోని మందు విరగడానికి త్రివేణి ఇచ్చిన చుక్కలు రెండో బిందెలో వేసి ఉంచితే పేరంటాలి నీళ్ళు కూడా సిద్ధం. ఒక ముసలి మనిషికి పొద్దున్నే లేచి చూసుకోవడానికి ఒక ప్రాణి ఉండటం ఎంత బాగుంటుందో ఆయన ఎవరికీ చెప్పలేదు. గది తలుపు తీసి, "లేచావా తల్లీ," అని అడిగేవారు, అంతే.

దీపావళి ముందు రోజు పొద్దున వివేక్ ఆఫీసుకు, త్రివేణి కేంద్రానికి వెళ్ళాక ఆయన తొట్టి కడగడానికి కూర్చున్నారు. పేరంటాల్ని వలగరిటెతో జాగ్రత్తగా తీసి, వంటింటి మూల నీడలో ఉన్న రెండో స్టీలు బిందెలోకి వదిలారు. గాజు తుడుస్తుండగా ఫోను మోగింది. ఒంగోలు నుంచి చెల్లెలు. పండగ పిండివంటలు, మోకాళ్ళ నొప్పులు, పక్కింటివాళ్ళ పెళ్ళి, అన్నీ అయ్యేసరికి కొంత సేపు పట్టింది.

ఆ కొంత సేపట్లో నాగరత్నం వచ్చి వెళ్ళింది. రోజూ వస్తుంది. ఆ వరుసలోని ఇళ్ళలో బియ్యం కడిగిన నీళ్ళు పోగుచేసి కింద బ్లాకు వెనక పెంచుకునే మొక్కలకు పోస్తుంది. ఆ వేళకు తలుపు తీసే ఉంటుంది, పిలవనక్కర్లేదు.

సీతారామారావుగారు ఫోను పెట్టేసి వంటింట్లోకి వచ్చారు. మూల బిందె లేదు. గట్టు మీద ఉంది. బోర్లించి ఉంది. పెళ్ళి సారెలో బిందెలా తళతళ మెరిసిపోతోంది.

ఆయన దాన్ని ఎత్తి చూశారు. లోపల ఏముంటుంది? చింతపండు వాసన.

గుమ్మంలో నాగరత్నం చీర కుచ్చెళ్ళు దులుపుకుంటూ నిలబడి ఉంది. "మకాన్ అయిందా మేష్టారూ, భోంచేశారా? మీరు ఫోన్లో ఉన్నారని పిలవలేదు. ఎంత గండం తప్పిందో తెలుసా? తాగే నీళ్ళలో బల్లి పడిపోయి ఉన్నాది. ఆ నీళ్ళు తాగుంటే పండగపూట అందరం ఆస్పత్రిలో ఉందుం. ఒక కన్ను మూసుకుని కిందకి మోసుకుపోయి పారబోసాను. చింతపండేసి రుద్ది రుద్ది కడిగాను. ఇంక తలంటుకోవాల నేను."

ఆయన పక్కనే ఉన్న పీట మీద కూర్చుండిపోయారు.

"ఏటైంది?" అంది ఆవిడ. తరువాత తెరిచి ఉన్న ఏసీ గది వైపు, ఖాళీ తొట్టి వైపు చూసింది. మొదటిసారి చూసింది. "అలామక్, ఓరి దేవుడో," అని గోడ పట్టుకుంది. "ఆ బల్లేనా ఈ బల్లి?"

"ఎక్కడ పోశారమ్మా?"

"కింద. నీళ్ళు ఉత్తినే పోగొట్టకూడదని అరటిచెట్టు మొదట్లో పోశాను. సచ్చిపోయిందనుకున్నాను. పొయ్యగానే కదిలితే భయమేసి పరుగెత్తుకొచ్చేశాను."

కదిలింది. అంత భయంలోనూ ఆ ఒక్క మాట ఆయనకు మంచినీళ్ళలా తగిలింది. కోడలికి ఫోను చేశారు. దాచాలనిపించలేదు, దాచి గడిపే ప్రతి క్షణం దాని ప్రాణం మీదికే వస్తుంది. ఎవరు పారబోశారన్నది మాత్రం చెప్పలేదు. "నేను ఫోన్లో ఉండగా బిందె ఒలికిపోయిందమ్మా. కింద మొక్కల్లో ఉంది," అన్నారు.

త్రివేణి నెమ్మదిగా అంది. "మామయ్యగారూ, కంగారు పడకండి. దానికి శత్రువు ఎండ. ఒళ్ళు ఆరిపోకూడదు. అది తెలివిగలదే, తడి ఉన్న వైపే పాకుతుంది. చల్లగా, చీకటిగా, తడిగా ఉన్న చోటు చూడండి. చేతులు తడుపుకుని పట్టుకోండి. నేను బయల్దేరుతున్నాను."

పక్కనే నిలబడి అంతా విన్న నాగరత్నం, "బిందె ఒలికిపోయిందా మేష్టారూ? ఎలా ఒలికింది?" అంది. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఎలాగో ఒలికింది. రండి, మీ తోట మీకు తెలిసినట్టు నాకు తెలియదు."

బ్లాకు వెనక ఎండ అప్పటికే ముదిరింది. అరటి మొదట్లో ఆవిడ పోసిన నీళ్ళు ఇంకిపోయి మట్టి మీద చీమలు తిరుగుతున్నాయి. ఇద్దరూ వంగి ఆకులు ఒక్కొక్కటే ఎత్తి చూశారు. ఎండుటాకు కదిలితే నాగరత్నం ఎగిరి పడుతోంది, మళ్ళీ పళ్ళు బిగించి అక్కడే చెయ్యి పెడుతోంది. బల్లి పేరు వింటేనే తలుపు వేసుకునే మనిషి, చీర ఎగదోపి మోకాళ్ళ మీద పాకుతోంది.

"ఏమే అమ్మా, ఎక్కడున్నావే, రాయే," అని పిలవడం మొదలెట్టింది. "నిన్ను బల్లని అననులే. మా తాత ఊర్లో కూడా అనరులే."

అరటి చుట్టూ లేదు. తులసి కుండీల వెనక లేదు. కరివేపాకు కింద పిల్లి పడుకుని ఉంది. దాన్ని చూసి ఇద్దరి గుండెలూ ఆగాయి. నాగరత్నం దాన్ని లేపి, నోరు తెరిచి చూసినంత పని చేసింది. పిల్లి విసుక్కుని వెళ్ళిపోయింది.

"తడి చోటు చూడమంది త్రివేణి," అన్నారు సీతారామారావుగారు నుదురు తుడుచుకుంటూ. "ఇక్కడ తడెక్కడుంది? అంతా ఎండే కదా."

అప్పుడు వినపడింది. టప్. కాస్త ఆగి మళ్ళీ, టప్.

నాగరత్నం తల ఎత్తింది. ఆ చప్పుడు ఆవిడకు ప్రాణం విసిగేంతగా తెలుసు. ఆ గోడ వైపు పై అంతస్తుల్లో అద్దెకుండే ఐటీ కుర్రాళ్ళు రాత్రంతా పనిచేసి, పగలంతా ఏసీ వేసుకుని పడుకుంటారు. వాళ్ళ ఏసీల నీళ్ళు గొట్టం పగిలి పొద్దస్తమానం కారుతూనే ఉంటాయి. ఆరేసిన బట్టలు తడిసిపోతున్నాయని ఆవిడ ఏడాదిగా వాళ్ళతో యుద్ధం చేస్తోంది. పోయిన వారమే గట్టిగా పట్టుబట్టి గొట్టం బాగుచేసేవాణ్ణి ఒప్పించింది. పండగ వెళ్ళాక వస్తానన్నాడు.

గోడ మొదట్లో ఆ చుక్కలు పడేచోట చేమ మొక్కలు ఏపుగా పెరిగి ఉన్నాయి. ఒక్కో చుక్కా పెద్ద ఆకు మీద పడి, జారి, కింద రాళ్ళ మధ్య చిన్న మడుగులోకి దిగుతోంది. నాగరత్నమే ముందు వంగి ఆకు తొలగించింది.

రాళ్ళ సందున, చల్లటి తడిలో, పేరంటాలు కూర్చుని ఉంది. చుక్క పడినప్పుడల్లా వెన్ను మీద పసుపు చార మెరుస్తోంది. తొట్టిలో ఉన్నప్పటి తిరుగుడు లేదు. పుట్టింటి అరుగు మీద కూర్చున్న పిల్లలా ఉంది.

"పసుపు రాసుకుందే," అంది నాగరత్నం గుసగుసగా. "నేను సూడనే లేదు మేష్టారూ. సూసుంటే పొయ్యగలనా?"

త్రివేణి టాక్సీ దిగి పరుగున వచ్చేసరికి పేరంటాలు టిఫిను డబ్బాలో తడి చేమాకు మీద ఉంది. త్రివేణి ఒళ్ళంతా పరీక్షగా చూసి, ఊపిరి వదిలి, మామగారి చెయ్యి పట్టుకుంది. నాగరత్నం ముందుకు వచ్చింది.

"బిందె ఒలకలేదమ్మా. నేనే పారబోశాను. మీ మామగారు పెద్దమనిషి, నా పేరు సెప్పలేదు. నువ్వు తిట్టాలనుకుంటే ఇప్పుడే తిట్టెయ్, మనసులో ఉంచుకోకు."

త్రివేణి ఆవిడ మోకాళ్ళకు అంటిన బురద చూసింది. "ఆంటీ, బల్లి పడిన నీళ్ళు మా అమ్మ కూడా పారబోసేది," అంది. "మీరు సింకులో పోసి ఉంటే ఇది కాలవలో పోయేది. మొక్కలకి పోశారు, అది చాలు."

సాయంత్రం సీతారామారావుగారు గాజు తొట్టి ముందు చాలాసేపు కూర్చున్నారు. పేరంటాలు మళ్ళీ అద్దానికి ముక్కు ఆనించి తిరుగుతోంది. మడుగులో అంత నెమ్మదిగా కూర్చున్నది ఇదేనా అనిపించింది. తొట్టిలో నీళ్ళున్నాయి, చల్లదనముంది, రాళ్ళున్నాయి. మరి అక్కడున్నదేమిటి, ఇక్కడ లేనిదేమిటి? ఆ ఆలోచనలో ఉండగానే నాగరత్నం పళ్ళెంలో అరిసెలు పట్టుకుని వచ్చింది. పండగ మర్నాటి నుంచీ కార్తీకమాసం కదా, శివుడికి ధార కట్టే రాగి పాత్ర పైనుంచి దించి తోముకుంటున్నానని చెప్పింది.

ఆయనకు సుధామణి గుర్తుకొచ్చింది. కార్తీక సోమవారం నాడు శివలింగం మీద అడుగున చిల్లున్న పాత్ర వేలాడదీసి, నీళ్ళు నింపి, వంట చేసుకుంటూ మధ్యమధ్య వచ్చి చూసేది. చుక్క వెనక చుక్క. ఇల్లంతా ఆ చప్పుడు.

"అమ్మా త్రివేణీ," అని పిలిచారు. "దీనికి ధార కడదామా?"

త్రివేణి మొదట నవ్వబోయి, ఆగిపోయింది. "కేంద్రంలో పంపు పెట్టాం మామయ్యగారూ. నీళ్ళు గిరగిరా తిరుగుతాయి. అది మూలకి పోయి దాక్కుంటుంది. వాన వెనకబట్టాక వాగు రాళ్ళ మీంచి సన్నగా కారే చోట గుడ్లు పెడతాయని మాత్రం చదివాను. చుక్కలు..." అని తొట్టి వైపు చూసి, "కట్టి చూద్దాం," అంది.

నాగరత్నం అప్పటికే లేచింది. "నా రాగి పాత్ర తెచ్చేస్తాను. శివుడేటి అనుకోడు, వేరేది కొనుక్కుంటాను."

"రాగి వద్దు ఆంటీ. రాగి మనకి మంచిది, దీనికి విషం."

"అలాగా? అయితే మట్టిది." పొంగలికి కొని వాడకుండా దాచుకున్న కొత్త మట్టికుండ తెచ్చి, దాని అడుగున మేకుతో తిప్పి తిప్పి చిల్లు పెట్టింది. అందులోకి పత్తి వత్తి దూర్చింది సీతారామారావుగారు. పాత నైలాను తాడుతో కిటికీ కడ్డీకి వేలాడదీసింది వివేక్. ధార మరీ వేగంగా పడుతుంటే వత్తి బిగించి, మరీ ఆగిపోతుంటే వదులు చేసి, "ఇప్పుడు బాండ్‌విడ్త్ సరిపోయింది," అన్నాడు.

టప్. టప్. కింద తడిరాయి, రాయి పక్క చేమాకు ముక్క. పేరంటాలు అద్దం వదిలి వచ్చి రాయి కింద సర్దుకుంది.

పండగలు గడిచాయి. కార్తీకం నడుస్తోంది. నాగరత్నం పొద్దున ఒక ధారకు నీళ్ళు పోసి ఇంట్లో శివుడికి దణ్ణం పెట్టుకుని, రెండో ధార చూడటానికి ఇక్కడికి వచ్చేది. ఇప్పుడు గదిలోకి కూడా వస్తోంది, అయితే చేతులు రెండూ వెనక కట్టుకుని. "ఏదీ ముట్టుకోను లా," అనేది ఎవరూ అడక్కుండానే.

ఒకరోజు పొద్దున సీతారామారావుగారు కాఫీ కలుపుకుంటుండగా గదిలోంచి కేక వినపడింది.

"మేష్టారూ, తొట్టిలో ఎవరో సగ్గుబియ్యం పోశారు. నేను పారబొయ్యలేదు. ముట్టుకోలేదు. ఎక్కడిదక్కడే ఉన్నాది. మీరే వచ్చి సూడండి."

ఆయన కళ్ళజోడు పెట్టుకుని వంగారు. చేమాకు అడుగున, రాయి పక్కన, ఉడికిన సగ్గుబియ్యంలా గుండ్రంగా, పారదర్శకంగా, ఒక్కోదాని మధ్య నల్లటి చుక్కతో, వరుసగా అతికించి ఉన్నాయి. వాటి పక్కన పేరంటాలు, బరువు దిగిన ఒంటితో, ఇంకో గుడ్డు పెట్టడానికి ఆకు అంచు మడుచుకుంటోంది.

"సగ్గుబియ్యం కాదమ్మా," అన్నారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. "మనవలు."

నాగరత్నం వెనక కట్టుకున్న చేతులు విప్పి, రెండు మెటికలు విరిచింది. త్రివేణి ఫోను చేసి పైవాళ్ళకు చెప్పింది. గుడ్లు చూడటానికి కేంద్రం నుంచి వచ్చిన పెద్ద ఆఫీసరు ముందుగా కిటికీకి వేలాడుతున్న కుండనే చూశాడు. అదేమిటని అడిగితే నాగరత్నం, "టెక్నాలజీ లా," అంది. యంత్రం బాగయ్యాక కేంద్రంలో కూడా ప్రతి తొట్టి మీదా ఒక మట్టికుండ వేలాడింది. ప్రదర్శనశాల మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

ఆ వారమే గొట్టం బాగుచేసే అతను నిచ్చెన వేసుకుని వచ్చాడు. నాగరత్నం కిందకు దిగి వెళ్ళి అతన్ని వెనక్కు పంపేసింది. బట్టలు ఇంకో పక్క ఆరేసుకుంటానంది.

పిల్లలు ఎదిగి, పత్రాలన్నీ రెండు దేశాల మధ్య అటూ ఇటూ తిరిగి, ప్రయాణం కుదిరేసరికి మళ్ళీ దీపావళి దాటింది. పెట్టెలతో పాటు త్రివేణి కూడా వెళ్ళింది. వాటిని పంపే పొద్దున నాగరత్నం పెట్టె మూతకు పసుపు బొట్టు పెట్టి, "ఒట్టి చేతుల్తో పంపకూడదు. పెట్టెకే లే, వాటికి కాదు," అని త్రివేణికి ముందే సర్దిచెప్పింది.

తిరిగి వచ్చిన రోజు త్రివేణి చిన్న కెమెరాలో పట్టుకొచ్చిన వీడియో పెట్టింది. కొండ నీడ, నాచు పట్టిన రాళ్ళు, ఊళ్ళోవాళ్ళు నాటిన బోర్డు మీద ఆ వాగులో వేట నిషేధమని వాళ్ళ భాషలో రాత. మూత తీయగానే పసుపు చారలు ఒక్కొక్కటిగా నీళ్ళలోకి జారి రాళ్ళ కిందకు పోయాయి. తరువాత బొమ్మలో ఏమీ లేదు, వాగు చప్పుడు తప్ప. త్రివేణి దాన్ని అలాగే ఉంచింది. సీతారామారావుగారు కళ్ళు మూసుకుని విన్నారు.

నాగరత్నం కూడా చెవి దగ్గరగా పెట్టి శ్రద్ధగా విని, తల ఊపింది.

"దీనికోసం అంత దూరం వెళ్ళాలా? మన వెనక ఏసీ కారినట్టే ఉన్నాది."